చీకట్లో విన్న దీవి

సెలవు పెట్టి సముద్రంలో దీవికి పోతున్నానంటే మా కార్మికుల ఇళ్ల లైన్లలో ఒక్కరూ నమ్మలేదు. గోదావరిఖనిలో బొగ్గు నింపేవాడు సెలవు పెట్టాడంటే ఊళ్లో నాట్లయినా ఉండాలి, ఇంట్లో పెళ్లయినా ఉండాలి, లేదంటే ఒంట్లో జ్వరమైనా ఉండాలి. పక్క గది ఓదెలు నా సంచి చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఏందే మల్లన్నా, పైసలు ఎక్కువైనయా, పానం తక్కువైందా?"

"గాలి మార్పుకు పోతున్న."

"గాలే గావాల్నంటె గోదారొడ్డుకు పోయి కూసోరాదు? గాడ ఊకెనే దొర్కుతది."

నవ్వి ఊరుకున్నాను. సంచిలో రెండు జతల బట్టలు, సర్వపిండి మూట, పాత బనీనులో చుట్టిన బొగ్గు పెళ్ల ఒకటి ఉన్నాయి. ఆ బొగ్గు సంగతి చెబితే ఓదెలు నన్ను సీదా దవాఖానకు తీసుకుపోయేవాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ దీవిలో నూకరాజు ఉన్నాడు. మేమిద్దరం ఏళ్ల తరబడి జోడీగా పనిచేశాం. బొగ్గుబావిలో ఇద్దరు కలిసి ఒక టబ్బు, అంటే పట్టాల మీది బొగ్గు తొట్టి, నింపాలి, అదే జోడీ. వాడు కాకినాడ ఎదుటి దీవిలో తల్లినీ భార్యనూ వదిలి పొట్టకూటికి వచ్చినవాడు. నేను భార్య పోయి ఒంటరిగా మిగిలినవాణ్ణి. ఒకటే గది, ఒకటే పొయ్యి. నాకు వాడు బావ, వాడికి నేను బావ, వరుస మాత్రం ఏ చుట్టరికంలోనూ కుదరదు. టబ్బులు రాక ఖాళీగా కూర్చున్నప్పుడు టోపీ దీపాలు ఆర్పేసుకునేవాళ్లం. ఆ చీకట్లో వాడు దీవి చెప్పేవాడు, నేను వినేవాణ్ణి. చూడకుండానే ఆ దీవి అంతా నాకు కంఠతా వచ్చేసింది.

మా జోడీల్లో ఒక పద్ధతి ఉంది, అది చెప్పకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. పని చోటు నుంచి ఒకడు ముందుగా పైకి పోవలసి వస్తే రెండోవాడికి చెప్పి పోవాలి. వాడు దగ్గర లేకపోతే, పైకప్పుకు ఆనించిన ఊతకర్ర మీద సుద్దముక్కతో తన గుర్తు గీసి పోవాలి. గుర్తు ఉంటే 'వాడు క్షేమంగా పైకి పోయాడు, వెతకొద్దు' అని. గుర్తు లేకపోతే వాడు ఏ కప్పు కింద పడ్డాడోనని రెండోవాడు వెతుకుతూనే ఉంటాడు. మర్నాడు ఇద్దరూ మళ్లీ కలిసినప్పుడు ముందు ఆ గుర్తు తుడిచి, తరువాతే బొగ్గెత్తే చెమ్మస్సు పట్టాలి. నా గుర్తు దీపం, వాడి గుర్తు తెరచాప పడవ. చెప్పకుండా పోవడమంత పెద్ద తప్పు మాలో ఇంకోటి లేదు.

అరవై తొమ్మిదిలో మా దగ్గర గొడవలు లేచాయి. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు వెళ్లిపోవాలన్న మాట పుట్టింది. ఆ రోజుల్లో నేను పెద్దపల్లి అవతల మా చెల్లె ఊళ్లో ఉన్నాను, ఆమెకు ప్రాణం మీదికి వచ్చింది. నేను లేనప్పుడు ఎవరో మా గది తలుపు మీద రాళ్లు వేశారట. తిరిగి వచ్చేసరికి నూకరాజు పెట్టె లేదు. వాడి కంబళి మాత్రం మడతపెట్టి నా మంచం మీద ఉంది. లైన్లలో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. నేను వచ్చేలోపే మా పని చోటు కూడా ముగిసింది, నన్ను బావిలో ఇంకో వైపు వేశారు.

నాకు కోపం వచ్చింది. చెప్పకుండా పోయినవాడి వెంట నేనెందుకు పోవాలి అనుకున్నాను, అనుకుంటూనే అయిదారేళ్లు గడిపాను. తరువాత నాకు చాలామంది జోడీలు వచ్చారు, అందరూ మంచివాళ్లే. కానీ దీపం ఆర్పి కూర్చుంటే ఒకడు గురక పెడతాడు, ఒకడు చిట్టీల లెక్క చెబుతాడు. మొన్న చలికాలంలో కాకినాడ నుంచి వచ్చిన ఒక ఫిట్టరు, నూకరాజు దీవిలోనే ఉన్నాడని, వల వేసుకుంటున్నాడని చెప్పాడు. మా దగ్గర మళ్లీ మనుషుల్ని తీసుకుంటున్నారు. వాడు తిరిగి వస్తాడా, అసలు నాతో మాట్లాడతాడా? ఈ రెండు ప్రశ్నలూ పట్టుకుని బయలుదేరాను.

కాకినాడలో పూట

రైలు దిగగానే తెలిసింది, ఇక్కడ గాలి కూడా తడిగా, ఉప్పగా ఉంటుందని. వీధులు కొలిచి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. గోడల మీద మసి లేదు. మా దగ్గర తెల్ల చొక్కా వేసుకుని మార్కెట్ దాకా పోయొస్తే అది ఏ రంగు చొక్కా అని అడగాలి. ఇక్కడ రిక్షావాడి బనీను కూడా తెల్లగానే ఉంది.

భోజనం హోటల్లో అలవాటు కొద్దీ జొన్నరొట్టె ఉందా అని అడిగాను. వడ్డించే మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. పప్పులో బెల్లం వేశారా అన్నంత తీపి, చారు మాత్రం బాగుంది. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన నా మాట విని, "తమరు తెలంగాణా వైపా అండి?" అన్నాడు. నా చేతిలో ముద్ద ఆగింది. అవునన్నాను.

"మా తమ్ముడు వరంగల్లులో గుమస్తా చేసేవోడండి. గొడవలకి వచ్చేశాడు. ఇప్పుడు రోజూ మీ పచ్చిపులుసు కావాలని ఇంట్లో పేచీ అండి. మా మరదలికేమో అది సెయ్యడం రాదు. ఉల్లిపాయ పచ్చిదే వెయ్యాలాండి, వేయించాలా?"

"పచ్చిదే. చేత్తోని పిసుకాలె. పచ్చిమిరపకాయ పొయ్యిల కాల్చి ఎయ్యాలె."

"ఆయ్, కాల్చాలా! అదీ సంగతి." అని వడ్డించేవాణ్ణి పిలిచి నాకు ఇంకో గరిటె పెరుగు వేయించాడు. భోజనం రూపాయిన్నర. కాజాలు కూడా కొన్నాను. అవి గొట్టాల్లా ఉండి, కొరికితే పాకం మోచేతి దాకా కారుతుంది. అందరూ ఎగబడి కొంటారు. నాకైతే పది అడుగులు వేసేసరికి ఈగలు తోడయ్యాయి.

నావ మీద

దీవికి పోవడానికి బండీ లేదు, బల్లకట్టూ లేదు. అక్కడి చేపలు తెచ్చి అమ్ముకుని, బియ్యం, కిరసనాయిలు ఎక్కించుకుని తిరిగిపోయే నావ ఒకటి ఉంటుంది. దాన్ని నడిపే ముసలాయన దానయ్య నన్ను బియ్యం బస్తాల మధ్య కూర్చోబెట్టాడు. మొదట మడచెట్ల మధ్య కాలువ, అక్కడిదాకా బాగానే ఉంది. కాలువ దాటి నావ వెడల్పాటి నీళ్లలోకి రాగానే నాకు చెమటలు పట్టాయి.

బావిలో మాకు భయమంటే నీళ్లే. కప్పు పడితే పక్కకు దూకొచ్చు. నీళ్లు విరుచుకుపడితే దూకే పక్క ఉండదు. అలాంటి నీళ్లు నాలుగు వైపులా పెట్టుకుని ఈ మనుషులు చుట్ట కాలుస్తూ కూర్చున్నారు. నేను తెరచాప కొయ్యను రెండు చేతులా కావలించుకున్నాను.

"కాకా, లోతెంతుంటది?" అన్నాను.

"ఎక్కడండి?"

"గీడనే."

దానయ్య గెడ తీసి నీళ్లలో ముంచి చూపించాడు. సగం కూడా మునగలేదు. "దిగితే నడుం లోతండి. అలాగే ఆ కొయ్యట్టుకుని ఉండండి, విరిగితే మాత్రం తమరే కొత్తది కొనాలి."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వు పూర్తి కాకముందే కడుపులో కాజాలు తిరగబడ్డాయి. మిగతా దారి నేను నీళ్ల వైపు ముఖం పెట్టే చేశాను, అందుకని దాని వర్ణన నన్నడగవద్దు.

నిట్రాడ ఉన్న గుడిసె

దీవి అంటే వాడు చెప్పగా నేను అనుకున్నదాంట్లో సగం కూడా లేదు. పొడుగ్గా, సన్నగా ఒక ఇసుక గట్టు. ఒకవైపు సముద్రం, ఒకవైపు నిలకడ నీళ్లు. సరుగుడు చెట్లు, తాటాకు గుడిసెలు కొన్ని, ఎండుతున్న చేపలు. దుకాణం లేదు, రోడ్డు లేదు, కరెంటు లేదు. ఎక్కడ దిగినా ముందు టీ కొట్టు వెతుక్కునే అలవాటు నాది, ఇక్కడ దిగి దిక్కులు చూశాను. దూరంగా తెల్లటి దీపస్తంభం కనబడింది. అది మటుకు నూకరాజు చెప్పినట్టే ఉంది.

ఇల్లు చూపించి దానయ్య వెళ్లిపోయాడు. గుమ్మం ముందు కర్ర ఒకటి ఆనించి ఉంది. నాకు తెలియకుండానే అది తీసుకుని, లోపలికి వంగి, కప్పు మీద టక్ టక్‌మని తట్టాను. బావిలో పని చోటికి పోగానే కర్రతో పైకప్పు తట్టి చప్పుడు వినాలి, గట్టి చప్పుడైతేనే అడుగుపెట్టాలి. తాటాకు కప్పుకు చప్పుడేముంటుంది, దుమ్ము రాలింది.

లోపల చేపలు తోముతున్న ముసలమ్మ తలెత్తింది. అరవలేదు, ఎవరని అడగలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

"మల్లయ్య బాబు కదా?" అంది.

కర్ర పక్కన పెట్టి తలూపాను.

"మా ఓడూ అంతే. గుమ్మంలో అడుగెట్టే ముందు ఆ కర్రెట్టి కొడతాడు. రోజూ దుమ్ము నా నెత్తినే. ఇలా కొట్టేవోడు ఇంకోడున్నాడని తెలుసులే." అంటూ కోడల్ని పిలిచింది. "మంగా! బొగ్గుల మల్లయ్య బాబొచ్చాడు. పీట ఎయ్యి."

ఆమె పోలమ్మ, నూకరాజు తల్లి. మంగ వచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. నన్ను ఇంతకుముందు చూసినవాళ్లు కాదు ఇద్దరూ. అయినా నా ఎడమ చెవి సరిగా వినపడదని మంగకు తెలుసు, కుడి వైపు నిలబడి మాట్లాడింది. నెత్తళ్ల చేపల పులుసు వడ్డించి, పక్కనే ఒక పచ్చి ఉల్లిగడ్డ పెట్టింది.

"అన్నియ్యగారు ఇది లేంది ముద్ద మింగరంట కదా. ఆయన సెప్పారు."

"నూకరాజు ఏడి?"

"సముద్రం మీదికెళ్లారండి. వలలు పెద్దయి తీసుకెళ్లారు, రెండు మూడు రోజులకి గాని రారు."

నేను చీకట్లో దీవిని విన్నట్టే, వీళ్లు ఇక్కడ కిరసనాయిలు బుడ్డి ముందు గోదావరిఖనిని విన్నారు. మా లైన్ల చివరి నల్లా, ఆదివారం అంగడి, నా గురక, అన్నీ తెలుసు. అంత చెప్పినవాడు నాకు చెప్పకుండా ఎందుకు పోయాడో మాత్రం వీళ్లను అడగబుద్ధి కాలేదు. అది వాణ్ణే అడగాలి.

ఎవరూ లేని ఇసుక

ఆ రెండు మూడు రోజులు నేను దీవి తిరిగాను. సెలవు అంటే ఇదేనేమో, ఏ సైరనూ లేకుండా తెల్లవారడం. మొదటి పూట హాయిగానే ఉంది. రెండో పూటకు ఏం చేయాలో తోచలేదు. గుడిసెలు దాటి కాస్త నడిస్తే మనిషి జాడ ఉండదు. నా అడుగులు నేనే వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి. బావిలో ఎంత చీకటైనా ఎక్కడో టబ్బు కదిలిన చప్పుడు, ఎవరిదో దగ్గు వినిపిస్తుంది. ఇక్కడ ఇంత వెలుతురులో ఏ దిక్కు చూసినా ఎవరూ లేరు. ఒకసారి కూర్చుని గట్టిగా "బావా" అని పిలిచాను. పిచ్చిపని అని తెలుసు. చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి పిలిచాను.

వాడు చెప్పినవన్నీ ఒక్కొక్కటే సరిచూశాను. ఒక పెద్ద ఎర్ర డెక్క ఎత్తి పిలిచినట్టు ఊపే బుల్లి పీతలు ఉన్నాయి, నిజమే. దగ్గరికి పోతే అన్నీ ఒకేసారి బొరియల్లో దూరుతాయి. టబ్బంత తాబేళ్లు వస్తాయన్నాడు. తెల్లవారుజామున ఒకటి గుడ్లు పెట్టి తిరిగిపోతుంటే చూశాను, టబ్బులో సగానికి సగం కూడా ఉండదు. అయినా అది వెనక్కి చూడకుండా నీళ్లలోకి పోతుంటే నాకెందుకో కష్టంగా అనిపించింది. లెక్కలేనన్ని కొబ్బరిచెట్లన్నాడు, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మంచినీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయన్నాడు. అది పచ్చి అబద్ధం, ఇసుకలో చెలమ తవ్వి తోడిన ఆ నీళ్లు ఉప్పటి కషాయం. మా గోదారి చెలిమె నీళ్లు వాడు ఏళ్ల తరబడి తాగి కూడా నా దగ్గర ఇలా కోతలు కోశాడు.

ఇక్కడి పద్ధతులు కొన్ని రాయాలి. మగవాళ్లు సముద్రం మీద ఉండగా ఇంట్లో ఆడవాళ్లు చాప చుట్టి గోడకు నిలబెట్టరు, పరిచే ఉంచుతారు. నేను పడుకుని లేచి నా చాప చుట్టబోతే మంగ పరుగెత్తుకొచ్చింది. తిరిగొచ్చేవాడికి చోటు తీసేసినట్టు అవుతుందట. మా దగ్గర మనిషి బావిలో ఉండగా అతని పళ్లెం బోర్లించరు. ఆ మాట చెబితే ఆమె, "తెలుసండి. ఆయన సెప్పారు" అంది. నేను కొత్తగా చెప్పడానికి వాడు ఏమీ మిగల్చలేదు.

కాలే రాయి

ఒక్కటి మాత్రం మిగిల్చాడు. రాయి కాలుతుందని నూకరాజు చెబితే దీవిలో ఎవరూ నమ్మలేదట. కట్టెలు కాలతాయి, కొబ్బరి మట్టలు కాలతాయి, రాయి ఎక్కడైనా కాలుతుందా అని నవ్వారట. సెలవుకు దీవికి పోయి తిరిగి వచ్చినప్పుడల్లా వాడు నాతో మొత్తుకునేవాడు. "ఒకసారి నువ్వొచ్చి ఒక పెళ్ల కాల్చి సూపించు బావా, నా పరువు నిలబెట్టు" అనేవాడు. అందుకే బనీనులో చుట్టి మోసుకొచ్చాను.

సాయంత్రం పోలమ్మ పొయ్యిలో పెళ్లలోని పెద్ద ముక్క పెట్టాను. చిన్న ముక్క ఒకటి జేబులోనే ఉంచుకున్నాను. బొగ్గు అంటుకోవడానికి తీరిక కావాలి. ముందు పొగ వచ్చింది, ఎంత పొగ అంటే పోలమ్మ దగ్గుతూ బయటికి పరుగెత్తింది.

"ఇదేం రాయి బాబూ! పొయ్యిలో దెయ్యాన్నెట్టినట్టుంది!"

"జెర ఆగవ్వా, ఇప్పుడే అంటుకుంటది."

మంగ చీపురు పట్టుకుని పొగ తోలుతోంది. పొగ చూసి గుడిసెలవాళ్లంతా నిప్పంటుకుందని కుండలతో నీళ్లు తెచ్చారు. వాళ్లను ఆపి, పొయ్యిని మట్టి దిమ్మెతో సహా ఎత్తి బయట పెట్టించాను. కాసేపటికి పొగ తగ్గింది, ముక్క అంచులు ఎర్రబడ్డాయి, తరువాత మొత్తం ఎర్రబడింది. అందరూ చుట్టూ కూర్చున్నారు. అంత చిన్న ముక్క అంతసేపు కాలడం చూసి దానయ్య చుట్ట నోట్లోంచి తీశాడు.

"అయితే ఆడు సెప్పింది అబద్ధం కాదన్నమాట" అన్నాడు.

పోలమ్మ ఆ నిప్పుల మీదే చేప కాల్చి, "బొగ్గు కంపు" అని ముఖం చిట్లించి, మొత్తం తినేసింది. నా జోడీ పరువు నిలబెట్టినందుకు నాకు సంతోషం వేసింది. చూడడానికి వాడు లేడు.

వాడు వచ్చాడు

మర్నాడు మధ్యాహ్నం ఎండలో వలల నావ వచ్చింది. అందరితో పాటు నేనూ ఒడ్డుకు వెళ్లాను. నూకరాజు కాస్త నల్లబడ్డాడు, జుట్టు ముందువైపు పలచబడింది. తాడు పట్టుకుని నీళ్లలోకి దూకి తలెత్తి నన్ను చూశాడు. చూసి, తాడు వదల్లేదు.

"ఎప్పుడొచ్చావు?" అన్నాడు.

"మొన్న."

"తిన్నావా?"

"తిన్న."

మళ్లీ వల వైపు తిరిగాడు. నేను ఇన్ని మైళ్లు వచ్చింది ఈ రెండు మాటలకా అనిపించింది. వెంటనే సంచి తీసుకుని వెళ్లిపోదామన్నంత కోపం, కానీ దీవి నుంచి ఎక్కడికి పోతాను? వాళ్లు చేపలు దించి, వల ఆరేసేదాకా బోర్లించిన నావ పక్కన నిలబడ్డాను. అందరూ వెళ్లాక వాడు వచ్చి నావకు ఆనుకున్నాడు. నా ముఖం చూడలేదు.

"ఇన్నేళ్లకి గుర్తొచ్చానా బావా?" అన్నాడు.

"నేనడగాల్సిన మాట నువ్వడుగుతున్నవా? చెప్పకుంట పోయినోనివి నువ్వు. జోడీని ఇడ్సి చెప్పకుంట పోవుడు ఏ బాయిల ఉన్నది?"

వాడు గభాలున తిరిగాడు. "సెప్పకుండానా? నేనా? ముందు రోజు తలుపు మీద రాళ్లు పడ్డాయి. తెల్లారి రైలెక్కి పొమ్మని అందరూ అంటంటే, నేను మొదటి షిఫ్టుకి దిగాను. ఎందుకు దిగాననుకున్నావు, బొగ్గు నింపడానికా? మన సోటుకెళ్లి, మన ఊతకర్ర మీద పడవ గీసి, అప్పుడు పైకొచ్చి పెట్టె తీసుకున్నాను. ఊరి నుంచొచ్చి నువ్వు సూస్తావు, సూసి ఒకసారైనా వస్తావనుకున్నాను. ఏడాది సూశాను, రెండేళ్లు సూశాను. గుర్తు సూసి కూడా నా జోడీ రాలేదు. ఆడూ ఆ రాళ్లేసినోళ్లలో ఒకడైపోయాడనుకున్నాను."

ఇసుకలో కూర్చుండిపోయాను.

"నేను సూడలే బావా" అన్నాను. "నేనొచ్చేటాలకు గా పిల్లర్లు తీసేసిన్రు. కర్రలు గుంజి కప్పు దించిన్రు. నన్ను ఇంకో దిక్కేసిన్రు. గాడికి పోనీకె తొవ్వ లేదు."

బావి పని తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కప్పు ఆగడానికి వదిలిన బొగ్గు స్తంభాలను చివర్లో తీసేస్తారు. ఆ తరువాత ఊతకర్రలు లాగేసి, కప్పును కావాలనే పడనిస్తారు. పడ్డాక అక్కడికి ఎవరూ వెళ్లరు, ఎప్పటికీ వెళ్లలేరు. ఇది నూకరాజుకు నేను చెప్పనక్కర్లేదు. వాడు కూడా నా పక్కన కూర్చున్నాడు.

"కర్ర లాగేశారా, అక్కడే ఉండిపోయిందా?" అన్నాడు.

"కొన్ని రావు గద. ఏది ఒచ్చిందో, ఏది మీద పడ్డదో ఎవలకెర్క."

"అయితే పడవ తుడవలేదు."

"లే."

వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరికీ ఏడుపు వచ్చింది. సిగ్గుపడలేదు. నన్ను పారేసి పోయాడని నేను, తనను మరిచిపోయానని వాడు, ఇన్నేళ్లూ ఇద్దరం వట్టిదాన్ని మోశాం.

అడగవలసిన మాట

మరునాడు నన్ను చిన్న నావలో తీసుకెళ్లాడు. అలలు ఎక్కువ లేని చోట తెరచాప దించి, వల వేసి కూర్చున్నాం. బావిలో టబ్బు కోసం కూర్చున్నట్టే ఉంది. ఇక్కడ వాడికి అన్నీ తెలుసు, నాకేమీ తెలియదు. చేపలు నీటి రంగులో కనబడతాయని చూపించాడు. నాకు నీళ్లు నీళ్లలాగే కనబడ్డాయి.

"మనుషులను తీస్కుంటున్రు బావా" అన్నాను. "ఇప్పుడు గొడవలు లెవ్వు. నీ కంబళి గట్లనే ఉన్నది. ఒస్తవా?"

వాడు తాడు సర్దుకున్నాడు.

"ఆ రాయి నాకు తగల్లేదు" అన్నాడు. "తలుపుకి తగిలింది. కానీ తలుపేసుకుని లోపల కూకున్నాను సూడు, దీపం ఆర్పేసి, ఊపిరి బిగబట్టి. బావిలో ఎప్పుడూ అంత భయపళ్లేదు. ఆ గదిలోకి ఇంక రాలేను బావా. కోపం లేదు, రాలేనంతే." నా వైపు తిరిగి, "నువ్వే ఉండిపోరాదూ? అమ్మకి నువ్వంటే పడింది."

"నాకు ఈత రాదు."

"నాకు బొగ్గు నింపడం వచ్చా మొదట? నువ్వే కదా నేర్పావు."

ఆ మాట నన్ను కదిలించింది. ఉండిపోతే ఎలా ఉంటుందో నిజంగానే ఆలోచించాను. చేపల పులుసు, మంగ పెట్టే ఉల్లిగడ్డ, సాయంత్రాలు వాడితో కబుర్లు. కానీ ఈ నీళ్ల వెలుతురులో నేను కళ్లు చిట్లించుకుని చుట్టం లాగే బతుకుతాను. నా చేతులకు తెలిసిన పని భూమి లోపలే ఉంది. లేదు బావా అన్నాను. వాడు మళ్లీ అడగలేదు. వల లాగితే చిన్న చేపలు నాలుగు వచ్చాయి. వాడు పేర్లు చెప్పాడు, నేను మరిచిపోయాను.

పొద్దున

మరో రెండు రోజులు ఉన్నాను. చివరి సాయంత్రం ఇద్దరం గుడిసె ముందు కూర్చుని చాలా మాట్లాడుకున్నాం. ఓదెలు గురించి, మా పని చూసే పాత సర్దారు గురించి. వెళ్లొస్తానని నేను అనలేదు, మంచిదని వాడు అనలేదు. వాడి నావ తెల్లవారగానే, నీళ్లు వెనక్కి తీసేటప్పుడు, సముద్రం మీదికి పోవాలి. నేను ఎక్కే దానయ్య నావ ఎండెక్కాక గాని కదలదు.

లేచేసరికి వాడు వెళ్లిపోయాడు. నాకు చెప్పలేదు. ఒక్క క్షణం మళ్లీ ఆ పాత కోపం వచ్చింది. చాప మీద లేచి కూర్చుని తలెత్తాను. గుడిసె మధ్యలో కప్పును మోసే నిట్రాడ మీద, నా తల ఎత్తులో, పోలమ్మ తమలపాకు సున్నంతో గీసిన తెరచాప పడవ ఉంది. తెరచాప ఎప్పటిలాగే ఒక పక్కకు ఒరిగి ఉంది. వాడికి తిన్నగా గీయడం ఏనాడూ రాలేదు.

కప్పు కింద ఉండిపోయిన పడవ కూడా ఇలాగే ఉండి ఉంటుంది. దాన్ని చాలాసేపు చూశాను. జేబులో మిగిలిన బొగ్గు ముక్క తీసి, పడవ కింద నా దీపం గీశాను.

పోలమ్మ పళ్లెంలో అన్నం పెట్టుకుని వచ్చి, నిట్రాడ వైపు చూసింది.

"ఏంటి బాబూ అది?"

"పోయొస్త అని గుర్తవ్వా. మమ్ముల దేవులాడొద్దని."

"మళ్లీ వస్తే?"

"ఒస్తె ఇద్దరం గల్సి తుడుస్తం."

ఆమె పళ్లెం నా ముందు పెట్టింది. నేను తిని, చెయ్యి కడుక్కుని, సంచి భుజాన వేసుకున్నాను. గుమ్మం దాటుతుంటే వెనక ఆమె కోడలితో చెప్పే మాట నా కుడి చెవికి వినబడింది.

"మంగా, ఈ పండక్కి ఇల్లంతా సున్నం కొట్టుకో. ఆ నిట్రాడ జోలికి మాత్రం ఎల్లకు."